కోడ్ మీద హక్కు, రాసినవారి మీద హక్కు

ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్ ప్రోగ్రామును ఎవరూ పనిగట్టుకుని ఇన్‌స్టాల్ చేసుకోరు. అయినా అది మన ఫోనులో ఉంటుంది, బ్రౌజర్‌లో ఉంటుంది, రోజూ వాడే యాప్‌లలో చాలావాటి అడుగున ఉంటుంది. దాని సోర్స్ కోడ్ తెరిచి చూస్తే, అది తాత్కాలికంగా సృష్టించే ఫైళ్ల పేర్లు ‘ఎటిల్‌క్యూస్’ అన్న వింత మాటతో మొదలవుతాయి. ఎస్‌క్యూలైట్ ఇంగ్లిషు అక్షరాలను తిరగేసి రాస్తే వచ్చే మాట అది. ఎందుకు తిరగేశారో పక్కనే వ్యాఖ్యగా రాసిపెట్టారు. మెకాఫీ తన యాంటీవైరస్‌లో ఎస్‌క్యూలైట్‌ను వాడడం మొదలుపెట్టాక, విండోస్ కంప్యూటర్లలోని టెంప్ ఫోల్డర్‌లో ‘ఎస్‌క్యూలైట్’ అన్న పేరుతో ఫైళ్లు పోగుపడ్డాయి. అవి చూసి చిరాకుపడినవాళ్లు గూగుల్‌లో పేరు వెతికి, ప్రోగ్రాము రాసినవారి ఫోన్ నంబర్లు పట్టుకుని, రాత్రిపూట నిద్రలేపి మరీ ఫిర్యాదు చేసేవారు. అందుకని పేరు తిరగేశారు. ఆ తిరకాసును విప్పగలిగినవారికి, రచయితకు ఫోన్ చేసినంత మాత్రాన ఫైలు పోదన్న సంగతి కూడా తెలిసే ఉంటుందన్న ధీమాతో ఆ వ్యాఖ్య ముగుస్తుంది.

నవ్వు తెప్పించే ముచ్చటే, కానీ కోడ్‌ను అందరికీ తెరిచి పంచే ఓపెన్ సోర్స్ లోకపు చిక్కంతా ఇందులోనే ఉంది. ఫోన్ చేసినవాళ్లు ఎస్‌క్యూలైట్‌ను కోరి తెచ్చుకోలేదు. అదేమిటో కూడా వాళ్లకు తెలియదు. రాసినవారికేమో ఫోన్ చేసిన మనిషి ఎవరో తెలియదు. మధ్యలో ఉన్న కంపెనీ సరుకు అమ్మింది, డబ్బు తీసుకుంది. ఫిర్యాదు మాత్రం ఉచితంగా ఇచ్చినవారి ఇంటికి చేరింది. డెవలపర్లకు పొగరని వాడుకరులు, వాడుకరులకు కృతజ్ఞత లేదని డెవలపర్లు తిట్టుకునే ప్రతిసారీ ఈ మూడో పాత్రధారి తెర వెనకే ఉండిపోతాడు.

ఈ తగాదాలలో చాలావాటిని ఒక్క గీత గీసి విడదీయవచ్చని నా అభిప్రాయం. వాడుకరి చేతికి వచ్చిన కోడ్ మీద రచయితకు పెత్తనం లేదు. రచయిత సమయం మీద వాడుకరికి పెత్తనం లేదు. ఈ రెంటికీ మధ్య మిగిలేది రచయిత పేరు. గొడవలు ముదిరేది ఎక్కువగా అక్కడే.

లైసెన్సుల సంగతి ముందు చూద్దాం. ఎమ్ఐటీ లైసెన్సు ఒక పేజీ కూడా నిండదు. వాడుకోండి, మార్చుకోండి, అమ్ముకోండి అంటుంది. బదులుగా అడిగేది ఒక్కటే: రచయిత కాపీరైట్ నోటీసునూ, ఆ లైసెన్సు పాఠాన్నీ చెరపకూడదు. ఆ తరవాత పెద్ద అక్షరాలలో ఒక పేరా ఉంటుంది. సరుకు ఉన్నది ఉన్నట్టుగా ఇస్తున్నాం, ఏ హామీ లేదు, నష్టం జరిగితే మాకు సంబంధం లేదు అని దాని సారాంశం. లాయర్ల కోసం రాసిన మాటలని అందరూ దాన్ని దాటేసి పోతారు. నిజానికి రచయితకూ వాడుకరికీ మధ్య సంబంధం ఎంతవరకో తేల్చి చెప్పే పేరా అదొక్కటే.

జీపీఎల్ వాడుకరి పక్షాన నిలబడే లైసెన్సు. కోడ్ అందుకున్న ప్రతివారికీ దాన్ని చదివే, మార్చే, పంచే హక్కు ఉండాలన్నది దాని పట్టుదల. అలాంటి జీపీఎల్ కూడా రచయిత పరువును మరిచిపోలేదు. 1991 నాటి రెండో వెర్షన్ పీఠికలోనే ఆ మాట ఉంది: ఎవరైనా కోడ్ మార్చి పంచితే, అది అసలుది కాదని పుచ్చుకునేవారికి తెలియాలి, ఇతరులు తెచ్చిపెట్టిన లోపాల వల్ల అసలు రచయితకు చెడ్డపేరు రాకూడదు. అందుకే మార్చిన ఫైళ్లలో ఫలానా తేదీన మార్చామని స్పష్టంగా రాయాలన్న షరతు పెట్టారు. 1998లో ఏర్పడిన ఓపెన్ సోర్స్ ఇనీషియేటివ్ తన నిర్వచనంలో నాలుగో అంశాన్ని పూర్తిగా దీనికే కేటాయించింది. మార్చిన ప్రోగ్రాముకు వేరే పేరు గానీ వేరే వెర్షన్ నంబరు గానీ పెట్టమని రచయిత కోరవచ్చు; మార్చడమే కుదరదని మాత్రం అనకూడదు.

పుస్తకాలను అచ్చుకు కూర్చే టెక్ (TeX) అనే ప్రోగ్రాము విషయంలో, దాన్ని రాసిన డొనాల్డ్ క్నూత్ చేసింది అచ్చంగా ఇదే. ఆయన కోడ్ ఎవరైనా తీసుకుని మార్చుకోవచ్చు. అయితే ఆయన సిద్ధం చేసిన పరీక్షలో నెగ్గనిదాన్ని టెక్ అని పిలవకూడదు. తప్పు పట్టుకున్నవారికి 2 డాలర్ల 56 సెంట్ల చెక్కు రాసిచ్చే అలవాటు కూడా ఆయనదే. ఆ చెక్కులను మార్చుకోకుండా ఫ్రేము కట్టించి దాచుకున్నవాళ్లే ఎక్కువ. దీనికి పూర్తి భిన్నమైన దారి డేనియల్ బెర్న్‌స్టీన్ పట్టారు. ఆయన రాసిన ఈమెయిల్ సర్వర్ ప్రోగ్రాము క్యూమెయిల్ సోర్స్ కోడ్ అందరికీ అందుబాటులోనే ఉండేది, కానీ మార్చిన ప్రతిని పంచడానికి అనుమతి ఉండేది కాదు. మార్పులు కావాలనుకున్నవాళ్లు విడిగా ప్యాచ్‌లు, అంటే మార్పులు మాత్రమే రాసిన ఫైళ్లు, తెచ్చుకుని తామే అతికించుకోవాలి. రచన చెక్కుచెదరలేదు గానీ, దాని చుట్టూ ప్యాచ్‌లు గుట్టలుగా పేరుకున్నాయి. చివరికి 2007లో ఆయనే దాన్ని ఎవరికీ కాపీరైట్ లేని పబ్లిక్ డొమెయిన్‌లోకి వదిలేశారు.

పేరు కోసం మరీ పట్టుబట్టినా పని జరగదని చెప్పే ఉదంతాలు రెండున్నాయి. బర్కిలీ విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన పాత బీఎస్‌డీ లైసెన్సులో ఒక షరతు ఉండేది: ఈ సాఫ్ట్‌వేర్ గురించి ప్రకటన ఇచ్చే ప్రతివారూ అందులో ఫలానావారు తయారుచేశారని చెప్పాలి. ఒక్కరి పేరైతే ఫరవాలేదు. కానీ కోడ్ కలిపిన ప్రతివారూ తమ పేరుతో అదే వాక్యాన్ని చేర్చడం మొదలుపెట్టారు. 1997 నాటి నెట్‌బీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టంలో అలాంటి వాక్యాలు 75 లెక్కపెట్టానని జీపీఎల్ రూపకర్త రిచర్డ్ స్టాల్‌మన్ రాశారు. 1999లో బర్కిలీ విశ్వవిద్యాలయం ఆ షరతును ఎత్తేసింది. అయిదేళ్లు తిరగకముందే, 2004లో, ఎక్స్‌ఫ్రీ86 బృందం దాదాపు అదే పొరపాటు చేసింది. అప్పట్లో లినక్స్ ఆపరేటింగ్ సిస్టం తెర మీద కనిపించే ప్రతి కిటికీ వెనకా ఉన్నది వారి కోడే. తమకు తగిన గుర్తింపు దక్కడం లేదని 4.4 వెర్షన్ లైసెన్సులో గుర్తింపు షరతు చేర్చారు. ఆ షరతు జీపీఎల్‌తో పొసగదన్న అభ్యంతరం వచ్చింది, లినక్స్‌ను ఇతర ప్రోగ్రాములతో కలిపి మూటకట్టి పంచే పెద్ద డిస్ట్రిబ్యూషన్లు ఒకదాని తరవాత ఒకటి ఆ వెర్షన్‌ను తీసుకోబోమన్నాయి. అందరూ అదే కోడ్ నుంచి విడిపోయిన ఎక్స్.ఆర్గ్ వైపు వెళ్లిపోయారు. గౌరవం కోరినవారికి గౌరవమూ దక్కలేదు, వాడేవాళ్లూ మిగలలేదు. వారు కోరినది అన్యాయమని నేననను. కోరిన పద్ధతి మధ్యవర్తులకు మోయలేని బరువైంది.

ఈ మధ్యవర్తులు మొదట్లో లేరు. 1980 ప్రాంతంలో ఎమ్ఐటీ కృత్రిమ మేధ ప్రయోగశాలలో జిరాక్స్ ఇచ్చిన లేజర్ ప్రింటర్ ఒకటి తరచూ మొరాయించేది. కాగితం ఇరుక్కుంటే అందరికీ తెలిసేలా ప్రోగ్రాము మార్చుదామని స్టాల్‌మన్ సోర్స్ కోడ్ అడిగితే, దాన్ని దగ్గర పెట్టుకున్న పరిశోధకుడు ఇవ్వనన్నాడు. రహస్యంగా ఉంచుతానని కంపెనీకి సంతకం పెట్టి ఉన్నాడు. స్వేచ్ఛగా పంచుకోగల ఆపరేటింగ్ సిస్టం రాస్తానంటూ 1983లో స్టాల్‌మన్ చేసిన గ్నూ ప్రకటన వెనక ఆ కోపం కూడా ఉంది. గమనించవలసింది ఏమంటే, ఆ కథలో వాడుకరి కూడా ప్రోగ్రామరే. కోడ్ ఇస్తే చాలు, మిగతాది తానే చూసుకుంటాడు. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ తాను రాస్తున్న లినక్స్ గురించి చెప్పినప్పుడు విన్నవాళ్లూ అలాంటివాళ్లే. స్వేచ్ఛలన్నీ ఆ మనుషుల కొలతలకు కుట్టినవి. చదివే స్వేచ్ఛ చదవగలిగినవాడికే పనికొస్తుంది, మార్చే స్వేచ్ఛ మార్చగలిగినవాడికే. ఇప్పుడు ఆ సాఫ్ట్‌వేర్ వాడేవారిలో అత్యధికులకు కోడ్ అక్షరం ముక్క తెలియదు. వాళ్లకు దక్కిన స్వేచ్ఛ కాగితం మీదిది. మిగిలిన దారి ఒక్కటే, రాసినవారిని అడగడం. డెవలపర్‌కు పెత్తనంలా వినిపించేది చాలాసార్లు ఈ నిస్సహాయతే.

డెవలపర్లు ఈ సంగతి ఒప్పుకోరు. ‘ప్యాచ్ పంపండి, చూస్తాం’ అన్నది వాళ్ల నోట నలిగిన జవాబు. సాటి ప్రోగ్రామర్‌తో అంటే అది ఆహ్వానం. ప్యాచ్ అంటే ఏమిటో తెలియనివారితో అంటే తలుపు మూసేయడం. ఏ వెర్షన్‌లో, ఏ క్రమంలో నొక్కితే, ఏ సందేశం వచ్చి ప్రోగ్రాము ఆగిపోయిందో ఓపికగా రాసి పంపిన బగ్ రిపోర్ట్ కూడా పనే. అనువాదాలు చేసేవారిది, సహాయ పత్రాలు రాసేవారిది కూడా పనే. వాటికి కోడ్‌కు దక్కే మర్యాద దక్కదు. 2018 సెప్టెంబరులో టోర్వాల్డ్స్ ఏళ్ల తరబడి తాను పంపిన దురుసు ఈమెయిళ్లకు క్షమాపణ చెప్పి కొంతకాలం పక్కకు తప్పుకున్నారు. ఆయన తిట్లు తిన్నవాళ్లు వాడుకరులు కాదు, లినక్స్‌కు గుండెకాయ లాంటి కెర్నెల్‌కు కోడ్ రాసేవాళ్లే. సాటివారి మీదే ఆ నోరు లేస్తే బయటివారి మాట వేరే చెప్పాలా?

డిస్ట్రిబ్యూషన్ల దగ్గర కథ ఇంకా చిక్కుపడుతుంది. డెబియన్‌ను తీసుకోండి. దాని స్థిరమైన విడుదలలో ప్రోగ్రాముల వెర్షన్లను బిగించేస్తారు, ఏళ్ల తరబడి భద్రతా సవరణలు తప్ప పెద్దగా ఏమీ మార్చరు. సర్వర్లు నడిపేవారికి అదొక వరం. రచయితకు శాపం, ఎందుకంటే తాను ఎప్పుడో సరిదిద్దిన లోపం గురించి కొత్తగా ఫిర్యాదులు వస్తూనే ఉంటాయి. స్క్రీన్‌సేవర్ల ప్రోగ్రాము ఎక్స్‌స్క్రీన్‌సేవర్ రచయిత జేమీ జవిన్‌స్కీ ఈ బాధ పడలేక, వెర్షన్ బాగా పాతబడితే ‘ఇది చాలా పాతది, మార్చుకోండి’ అని తెర మీద హెచ్చరించేలా కోడ్‌లోనే ఏర్పాటు చేశారు. 2016లో డెబియన్ వాడుకరులకు ఆ హెచ్చరిక ఎదురైంది. ఆ హెచ్చరికను ప్యాచ్‌తో తీసేస్తే సరిపోతుందని డెబియన్‌లో కొందరన్నారు. లైసెన్సు ప్రకారం అందులో తప్పేమీ లేదు. అలా చేసేకంటే నా ప్రోగ్రామునే డెబియన్‌లోంచి తీసేయండని రచయిత అడిగారు.

ఎవరిది న్యాయం? చట్టం డెబియన్ వైపు ఉంది, మర్యాద రచయిత వైపు ఉందని చెప్పి ఊరుకోవడం తేలిక. నాకైతే ప్రశ్న ఇంకోచోట ఉందనిపిస్తుంది. మార్చిన ప్రతిని పంచేవారు, ఆ ప్రతికి వచ్చే ఫిర్యాదులను కూడా పుచ్చుకుంటున్నారా? పుచ్చుకుంటే రచయితకు పోయేదేమీ లేదు. మార్పు తమది, పేరు ఆయనది, ఫిర్యాదు ఆయన ఇంటికి అంటే అది జీపీఎల్ పీఠిక 1991లోనే వద్దన్న పని. డెబియన్‌కు సొంత బగ్ ట్రాకర్ ఉంది, ఫిర్యాదులు ముందు అక్కడికే రావాలన్నది దాని పద్ధతి కూడా. కాకపోతే తెర మీద రచయిత పేరు చూసిన వాడుకరికి ఆ పద్ధతి తెలియదు.

మొజిల్లా ఈ ముడిని ట్రేడ్‌మార్క్‌తో కోసింది. ఫైర్‌ఫాక్స్ పేరు కావాలంటే అధికారిక లోగో వాడాలి, చేసిన మార్పులకు తమ ఆమోదం ఉండాలి అని 2006లో డెబియన్‌కు చెప్పింది. కోడ్ స్వేచ్ఛ అలాగే ఉంది, పేరు మాత్రం కుదరదు. డెబియన్ ఆ బ్రౌజర్‌కు ఐస్‌వీజెల్ అని పేరు మార్చి పదేళ్లు అలాగే నడిపింది. 2016లో రాజీ కుదిరి పాత పేరు తిరిగొచ్చింది. పదేళ్లపాటు కొత్తవాళ్లు ఫైర్‌ఫాక్స్ ఎక్కడుందని వెతుక్కున్న మాట నిజమే, అయినా ఇది మొత్తం మీద శుభ్రమైన పరిష్కారం. ఎవరి సరుకు ఎవరిదో అందరికీ తెలిసింది. 2025 ఫిబ్రవరిలో తెరను వీడియోగా రికార్డు చేసే ఓబీఎస్ స్టూడియోకూ, ఫెడోరా అనే లినక్స్ డిస్ట్రిబ్యూషన్‌కూ మధ్య వచ్చిన పేచీ కూడా ఈ జాతిదే. ఫెడోరా సొంతంగా కట్టిన ప్యాకేజీ సరిగా పనిచేయడం లేదు. వాడుకరులు అదే అధికారికమనుకుని ఓబీఎస్‌వారి మీద పడ్డారు. మా పేరు, లోగో తీసేయకపోతే చట్టపరంగా వెళ్తామని ఓబీఎస్ హెచ్చరించాక మాటలు కలిశాయి.

కంపెనీల విషయంలో ఇంత సున్నితంగా మాట్లాడవలసిన అవసరం నాకు కనిపించదు. 2014 ఏప్రిల్‌లో హార్ట్‌బ్లీడ్ లోపం బయటపడినప్పుడు, ఇంటర్నెట్‌లో రహస్య సంభాషణల్లో పెద్ద భాగాన్ని కాపాడుతున్న ఓపెన్‌ఎస్ఎస్ఎల్‌కు ఏడాదికి వచ్చే విరాళాలు సుమారు 2,000 డాలర్లేనని లోకానికి తెలిసింది. దాని మీద పూర్తికాలం పనిచేస్తున్నది ఒక్కరు. 2022 జనవరిలో, లాగ్4జే లోపం కలకలం ఇంకా సద్దుమణగకముందే, ఇంటర్నెట్ నుంచి డేటా తెచ్చిపెట్టే కర్ల్ అనే ప్రోగ్రాము రచయిత డేనియల్ స్టెన్‌బర్గ్‌కు ఫార్చ్యూన్ 500 జాబితాలోని ఒక కంపెనీ నుంచి ఈమెయిల్ వచ్చింది. మీ ఉత్పత్తిలో లాగ్4జే ఉందా, ఏ చర్యలు తీసుకున్నారు, ఇరవై నాలుగు గంటల్లో జవాబివ్వండి అని. కర్ల్ సీ భాషలో రాసినది, లాగ్4జే ఇతర ప్రోగ్రాములు వాడుకోవడానికి జావా భాషలో రాసిన లైబ్రరీ. ఆ రెంటికీ పొత్తే లేదు. సపోర్టు ఒప్పందం మీద సంతకం చేయగానే సంతోషంగా జవాబిస్తానని ఆయన రాశారు. అయితే మేం మీ కస్టమర్లం కాదంటారా అని అడుగుతూ మళ్లీ ఉత్తరం వచ్చింది. అందులో ఆయన పేరు డేనియల్‌కు బదులు డేవిడ్ అయింది.

ఇలాంటివి నవ్వుకుని వదిలేసేవి. ఎక్స్‌జెడ్ ఉదంతం అలా వదిలేయగలిగేది కాదు. ఫైళ్లను కుదించే ఈ లైబ్రరీ దాదాపు ప్రతి లినక్స్ వ్యవస్థలోనూ ఉంటుంది. ఏళ్ల తరబడి దాన్ని చూసుకున్నది లాసె కాలిన్ అనే ఒక్క వ్యక్తి. 2022లో ఎన్నడూ పేరు వినని కొన్ని ఖాతాలు ప్రాజెక్టు మెయిలింగ్ లిస్టులో గొణగడం మొదలుపెట్టాయి. ప్యాచ్‌లు ఇన్నాళ్లూ మూలపడి ఉన్నాయి, మీకు ఆసక్తి పోయినట్టుంది, ఇంకెవరికైనా అప్పగించవచ్చు కదా అని. తనకు ఆసక్తి పోలేదని, మానసిక ఆరోగ్యం బాగోలేక ఎక్కువ చేయలేకపోతున్నానని, పైగా ఇది జీతం లేని సరదా పని అన్నది గుర్తుపెట్టుకోవాలని కాలిన్ జవాబిచ్చారు. అదే సమయంలో జియా టాన్ అనే పేరుతో ఒకరు మర్యాదగా, ఓపికగా ప్యాచ్‌లు పంపుతూ వచ్చారు. మెల్లగా పగ్గాలు వారి చేతికీ వచ్చాయి. 2024 ఫిబ్రవరి, మార్చి నెలల్లో వెలువడిన 5.6.0, 5.6.1 వెర్షన్లలో దూరం నుంచి లాగిన్ కావడానికి వాడే ఎస్ఎస్‌హెచ్ ద్వారా సర్వర్లలోకి చొరబడే దొంగదారి ఉంది. లాగిన్‌కు అర సెకను ఎక్కువ పడుతోందేమిటని తవ్వి చూసిన ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు మార్చి 29న దాన్ని బయటపెట్టకపోతే అది ఎంత దూరం పోయేదో.

ఆ గొణిగిన ఖాతాలు జియా టాన్‌కు తోడుగా సృష్టించిన దొంగ ఖాతాలేనని ఇప్పుడు చాలామంది నమ్ముతున్నారు. దాడి చేసినవారు కొత్త ఆయుధమేదీ కనిపెట్టలేదన్నది ఇందులో భయపెట్టే విషయం. వాడుకరులు మామూలుగా మాట్లాడే తీరునే అరువు తెచ్చుకున్నారు. అలాంటి సణుగుడు ఏ ప్రాజెక్టులో చూసినా ఉంటుంది కాబట్టే అక్కడ ఎవరికీ అనుమానం రాలేదు. మర్యాద అన్నది మంచితనానికి సంబంధించిన విషయంగా మాట్లాడుకుంటాం. ఇక్కడ అది భద్రతకు సంబంధించిన విషయమైంది.

రచయిత వైపు కూడా గీత దాటినవాళ్లున్నారు. 2016 మార్చిలో, ఒక ప్యాకేజీ పేరు విషయంలో కిక్ అనే కంపెనీతో వచ్చిన తగవులో జావాస్క్రిప్ట్ ప్యాకేజీలను పంచే ఎన్‌పీఎమ్ ఆ కంపెనీ పక్షమే వహించిందని అజెర్ కోచులు తన ప్యాకేజీలు 250కి పైగా తొలగించారు. వాటిలో లెఫ్ట్‌ప్యాడ్ ఒకటి. పదకొండు లైన్ల కోడ్. దాని మీద తెలియకుండానే ఆధారపడిన వేల ప్రాజెక్టులు ఆగిపోయాయి. ఎన్‌పీఎమ్ రచయిత అనుమతి లేకుండానే దాన్ని తిరిగి పెట్టింది. రచయితను అవమానించారని అప్పట్లో చాలామంది బాధపడ్డారు. పేరు లాక్కోవడం అవమానమే. కానీ కోడ్‌ను తిరిగి పెట్టడం మాత్రం లైసెన్సు ఇచ్చిన హక్కే; ఒకసారి పంచిన ప్రతి మీద రచయితకు వీటో ఉండదు. 2022 జనవరిలో కలర్స్, ఫేకర్ లైబ్రరీల రచయిత చేసింది వేరు. పెద్ద కంపెనీలు తన శ్రమను ఉచితంగా తింటున్నాయన్న కోపంతో ఒకదాన్ని ఖాళీ చేసి, ఇంకోదానిలో ఆగకుండా చెత్త అక్షరాలు ముద్రించే లూప్ పెట్టారు. కోపానికి కారణముంది. దెబ్బ తగిలింది మాత్రం కొత్త వెర్షన్‌ను నమ్మి తెచ్చుకున్న ప్రతివారికీ, ఆయనలాగే జీతం లేకుండా పనిచేసేవారితో సహా. పని మానేసే హక్కు రచయితకు ఎప్పుడూ ఉంది. చెప్పకుండా పాడు చేసిన దాన్ని మంచిదని పంచడం ఆ హక్కులోకి రాదు.

ఈ విషయంలో ఎస్‌క్యూలైట్‌వారి నిక్కచ్చితనం నాకు నచ్చుతుంది. కోడ్‌ను పబ్లిక్ డొమెయిన్‌లో పెట్టారు, ఎవరేం చేసుకున్నా అడగరు. కానీ బయటివారి కోడ్ మాత్రం తీసుకోబోమని ముందే రాసిపెట్టారు. ఇది కొందరికి అహంకారంలా కనిపిస్తుంది. నాకు అందులో నిజాయితీ కనిపిస్తుంది, ఎందుకంటే వచ్చినవారు ఏం ఆశించవచ్చో, ఏం ఆశించకూడదో గుమ్మంలోనే తెలిసిపోతుంది. చాలా ప్రాజెక్టులు ‘అందరికీ స్వాగతం’ అని బోర్డు పెట్టి, వచ్చినవారిని నెలల తరబడి వరండాలో కూర్చోబెడతాయి. ప్రాజెక్టు ఇప్పుడు చురుగ్గా ఉందా, కేవలం భద్రతా సవరణలకే పరిమితమా, ఫిర్యాదులు అసలు చదువుతారా అన్నది రీడ్‌మీ ఫైలులో రెండు వాక్యాలలో రాస్తే సగం కోపతాపాలు పుట్టవు.

అయితే గుమ్మం దగ్గరి పరిస్థితి కూడా మారుతోంది. కర్ల్‌లో భద్రతా లోపాలు పట్టుకున్నవారికి 2019 నుంచి డబ్బు బహుమతి ఉండేది. 2025కు వచ్చేసరికి ఏఐతో రాయించిన రిపోర్టులు వెల్లువెత్తాయి: పొందికైన ఇంగ్లిషు, కోడ్‌లో లేని ఫంక్షన్లు, జరగడానికి వీల్లేని దాడులు. పంపినవారికి దాన్ని తయారు చేయడానికి నిమిషం చాలు. తప్పని తేల్చడానికి అవతలివైపు ముగ్గురు నలుగురు గంటలు వెచ్చించాలి. వెనకటి వాడుకరి రాత్రిపూట ఫోన్ చేసినా తన సమయం కూడా పోగొట్టుకునేవాడు, కాబట్టి వేధింపుకు సహజంగానే ఒక హద్దు ఉండేది. ఆ హద్దు ఇప్పుడు చెరిగిపోయింది. 2025 మే నెలలో స్టెన్‌బర్గ్ ఆ రిపోర్టు ఫారంలో ఒక ప్రశ్న చేర్చారు: ఈ లోపాన్ని కనిపెట్టడానికి గానీ, దీన్ని రాయడానికి గానీ ఏఐ వాడారా? అవునన్నవారిని మరిన్ని ప్రశ్నలడుగుతామన్నారు. చెత్త అని తేలిన రిపోర్టు పంపినవారిని అక్కడికక్కడే నిషేధిస్తామన్నారు.